50 దగ్గరే ఆగిపోయిన క్యాంపుగ్రౌండ్ల జాబితా

అమెరికా జాతీయ పార్కుల్లోని క్యాంపుగ్రౌండ్ల వివరాలు వెతికిపెట్టే చిన్న పైథాన్ ప్రోగ్రామ్ ఒకటి ఒంగోలులో నా కంప్యూటర్‌లో ఉంది. కాలిఫోర్నియాలో ఉన్న అక్కయ్య, బావగారు పిల్లలతో గుడారం వేసుకునే చోటు చూడమంటే దీన్నే తెరుస్తాను. వివరాలన్నీ నేషనల్ పార్క్ సర్వీస్ ఉచితంగా ఇచ్చే ఏపీఐ (ఒక ప్రోగ్రామ్ మరో కంప్యూటర్‌ను సమాచారం అడిగి తెచ్చుకునే మార్గం) నుంచి వస్తాయి. కీ, అంటే అడిగేది ఎవరో గుర్తించే కోడ్, ఒకటి తీసుకుంటే చాలు.

కాలిఫోర్నియాలోని యోసెమిటీ పార్కు ఒక్కదాని గురించి అడిగితే అన్నీ సరిగ్గా వచ్చేవి. దేశం మొత్తం అడిగితే మాత్రం 50 పేర్లతో జాబితా ముగిసేది. ఎర్రర్ లేదు, హెచ్చరికా లేదు. వచ్చిన జవాబును నేరుగా తెరిచి చూస్తే ‘టోటల్’ (మొత్తం ఎన్ని ఉన్నాయో), ‘లిమిట్’ (ఒక విడతకు ఎన్నో), ‘స్టార్ట్’ (ఎక్కడి నుంచి మొదలో) అనే విలువలు కనిపించాయి. లిమిట్ ఇవ్వకపోతే ఏపీఐ ఒక విడతకు 50 మాత్రమే పంపుతుంది. స్టార్ట్‌ను 50 చొప్పున పెంచుతూ, టోటల్ చేరేదాకా మళ్లీ మళ్లీ అడిగే లూప్ పెట్టాను. జాబితా పూర్తిగా వచ్చింది.

అంతలో మరో చిక్కు. బసకు ఎక్కువ స్థలాలున్న క్యాంపుగ్రౌండ్లు పైకి రావాలని వరుస మారిస్తే, 9 స్థలాలున్నది 80 ఉన్నదాని పైన కూర్చుంది! ఏపీఐ నుంచి అంకెలు కూడా కొటేషన్ గుర్తుల మధ్య అక్షరాలుగానే వస్తాయి. అందుకే నిఘంటువులో పదాల్లా మొదటి అంకెను బట్టి వరుసపడతాయి. ముందుగా వాటిని సంఖ్యలుగా మార్చి, ఖాళీగా ఉన్నచోట సున్నా వేశాను. టోటల్‌కూ ఇదే మార్పు అవసరం.

ఏ రోజు ఏ స్థలం ఖాళీగా ఉందో మాత్రం ఇందులో తెలియదు. దానికి రిక్రియేషన్ డాట్ గవ్ అనే బుకింగ్ వెబ్‌సైట్ చూడాలి. ఏపీఐలో తాగునీరు, మరుగుదొడ్లు, ఫోను సిగ్నల్ వంటి వివరాలు ఉంటాయి. చిన్నపిల్లలతో వెళ్లేవారికి అన్నిటికంటే ముఖ్యం తాగునీరే. అందుకే దాన్ని పేరు పక్కనే కనిపించేలా పెట్టాను.