ఇంగ్లీషు వాక్యం కట్టడం: ముందు క్రియను పట్టుకోండి

‘రాముడు రావణుణ్ణి చంపాడు.’ ఈ మూడు మాటల్ని ఎటు తిప్పి చెప్పినా రామాయణం మారదు. రావణుడి వెనక ‘ణ్ణి’ ఉన్నంతవరకు చచ్చేది అతనే. ఇంగ్లీషులో ‘రామ కిల్డ్ రావణ’ను తిప్పి ‘రావణ కిల్డ్ రామ’ అన్నామా, కథ తలకిందులవుతుంది. ఎవరు ఎవర్ని ఏం చేశారో తెలుగులో మాట చివరి విభక్తి చెబుతుంది, ఇంగ్లీషులో ఆ మాట కూర్చున్న చోటు చెబుతుంది. మనం ఇంగ్లీషులో చేసే తప్పులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

భాషాభాగాలు

బడిలో మనం నేర్చుకున్న భాషాభాగాలు ఐదు: నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం. ఇంగ్లీషు లెక్కలో ఎనిమిది. మొదటి నాలుగింటికీ నౌన్, ప్రొనౌన్, యాడ్జెక్టివ్, వెర్బ్ అని సూటిగా జోడీలున్నాయి. మిగతా నాలుగూ మన అవ్యయాలు, విభక్తులు చేసే పనిని పంచుకుంటాయి. ఎలా, ఎప్పుడు, ఎంత అన్నవి చెప్పేది యాడ్వెర్బ్. మాటల్నీ వాక్యాల్నీ కలిపేది కంజంక్షన్. అయ్యో, ఆహా లాంటివి ఇంటర్జెక్షన్. లో, కి, తో, నుంచి చేసే పని ప్రిపొజిషన్‌ది, కాకపోతే అది మాట వెనక కాకుండా ముందు నిలబడుతుంది.

జాబితా బట్టీ పట్టినంత మాత్రాన పని జరగదు, ఎందుకంటే ఇంగ్లీషులో ఒకే మాట చోటు మారితే జాతి మార్చుకుంటుంది. ‘ఐ డ్రింక్ వాటర్’లో వాటర్ నామవాచకం. ‘వాటర్ ది ప్లాంట్స్’ అంటే మొక్కలకు నీళ్లు పొయ్యమని, అక్కడ అదే మాట క్రియ. కాబట్టి ‘ఈ మాట ఏ భాషాభాగం’ అని కాకుండా ‘ఈ వాక్యంలో ఇది ఏ పని చేస్తోంది’ అని అడగాలి.

విశేషణానికీ క్రియావిశేషణానికీ తేడా తెలుసుకోవడానికి తెలుగే సాయం చేస్తుంది. చివర ‘ఐన’ ఉంటే యాడ్జెక్టివ్, ‘గా’ ఉంటే యాడ్వెర్బ్. అందమైన పాట ‘ఎ బ్యూటిఫుల్ సాంగ్’, అందంగా పాడింది ‘షి శాంగ్ బ్యూటిఫుల్లీ’. ఈ సూత్రం కొన్నిచోట్ల బోల్తా కొట్టిస్తుంది. ‘పాట అందంగా ఉంది’లో ‘గా’ ఉన్నా ఇంగ్లీషులో ‘ది సాంగ్ ఈజ్ బ్యూటిఫుల్’ అనే అనాలి. ‘గా’ వెనక ఉంది, ఉన్నాడు, ఉన్నారు వస్తే యాడ్జెక్టివే వాడండి.

వాక్యం కట్టే పద్ధతి

‘నిన్న మా అక్క నూజివీడు నుంచి బస్సులో మామిడిపళ్లు తెచ్చింది.’ దీన్ని ఎడమ నుంచి కుడికి మాటకు మాట మార్చుకుంటూ పోతే ఇరుక్కుంటాం. తోక దగ్గర మొదలుపెట్టాలి. చివర ఉన్న క్రియ: తెచ్చింది, ‘బ్రాట్’. తెచ్చింది ఎవరు? మా అక్క. ఆ మాట క్రియకు ముందు: ‘మై సిస్టర్ బ్రాట్’. ఏమిటి తెచ్చింది? మామిడిపళ్లు. ఆ మాట క్రియను ఆనుకుని వెనక: ‘మై సిస్టర్ బ్రాట్ మాంగోస్’. ఎక్కణ్ణుంచి, ఎలా, ఎప్పుడు అన్నవి ఆ తర్వాత: ‘ఫ్రమ్ నూజివీడు బై బస్ యెస్టర్డే’. కావాలంటే ‘యెస్టర్డే’ను వాక్యం మొదట పెట్టుకోవచ్చు. క్రియకీ కర్మకీ మధ్యలో మాత్రం దూర్చకూడదు. ‘బ్రాట్ యెస్టర్డే మాంగోస్’ తప్పు.

కర్త స్థానం ఖాళీగా ఉండకూడదు. తెలుగులో ‘తిన్నాను’ అంటే నేను అని ఆ ‘ను’వే చెప్పేస్తుంది. ‘ఏట్’కు ఆ శక్తి లేదు, ‘ఐ ఏట్’ అనాలి. చెప్పడానికి కర్త ఎవరూ లేకపోయినా ‘ఇట్’ అనే డమ్మీని కూర్చోబెడతారు: ఐదైంది అంటే ‘ఇట్ ఈజ్ ఫైవ్’, వాన పడుతోంది అంటే ‘ఇట్ ఈజ్ రెయినింగ్’. క్రియ స్థానం సంగతీ అంతే. ‘ఆయన డాక్టర్’ తెలుగులో నిండు వాక్యం. ఇంగ్లీషులో మధ్యన ‘ఈజ్’ లేకపోతే వాక్యమే కాదు: ‘హి ఈజ్ ఎ డాక్టర్’. గౌరవం కోసం మనం నాన్నగారు వచ్చారని బహువచనం వాడతాం, ఇంగ్లీషుకు ఆ మర్యాద లేదు. ‘మై ఫాదర్ హావ్ కమ్’ అనకూడదు, ‘హాజ్ కమ్’ అనాలి.

నాకు, కి, గురించి

మన ‘నాకు’ ఇంగ్లీషులో చాలాసార్లు ‘టు మి’ కాదు, ‘ఐ’. నాకు ఆకలేస్తోంది: ‘ఐ యామ్ హంగ్రీ’. నాకు ఇద్దరు తమ్ముళ్లు: ‘ఐ హావ్ టు యంగర్ బ్రదర్స్’. నాకు తెలుసు: ‘ఐ నో’. ఈ చివరిదాన్ని ‘ఐ యామ్ నోయింగ్’ అనడం మనవైపు బాగా వినిపించే తప్పు. తెలియడం, ఇష్టపడటం, నమ్మడం లాంటివి పనులు కావు, స్థితులు. వాటికి మామూలుగా ‘ఇంగ్’ తగిలించరు.

‘కి’ ఒక్కటే, ఇంగ్లీషులో దాని వేషాలు మాత్రం అనేకం. హైదరాబాద్‌కి ‘టు హైదరాబాద్’, ఐదింటికి ‘ఎట్ ఫైవ్’, ఇంటికి వెళ్లాను అంటే ఏమీ లేకుండా ‘ఐ వెంట్ హోమ్’. ఇక ‘గురించి’. డుమువులు వల్లె వేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, కూర్చి, గురించి అన్నవి ద్వితీయా విభక్తిలో ఉన్నాయి. ద్వితీయ అంటే కర్మ. ఇంగ్లీషులో కర్మ క్రియ పక్కన ఉత్తినే కూర్చుంటుంది, దానికి తోడు అక్కర్లేదు. అందుకే ఆ విషయం గురించి చర్చించాం అంటే ‘వి డిస్కస్డ్ ది మ్యాటర్’. మధ్యలో ‘అబౌట్’ పెట్టడం మన ‘గురించి’ని అక్కడికి మోసుకెళ్లడమే. అలాగని అన్ని క్రియలూ ఒకటి కాదు, ‘టాక్’కు ‘అబౌట్’ కావాలి. ఏ క్రియ దేన్ని వెంటబెట్టుకుంటుందో ఆ క్రియతో కలిపే నేర్చుకోవాలి.

కాలాలు, ప్రశ్నలు

‘వెళ్తాను’ మనకు రెండు పనులు చేస్తుంది. రోజూ వెళ్తాను ‘ఐ గో’, రేపు వెళ్తాను ‘ఐ విల్ గో’. ‘వచ్చాను’ కూడా రెండే: ఇప్పుడే వచ్చాను ‘ఐ హావ్ జస్ట్ కమ్’, నిన్న వచ్చాను ‘ఐ కేమ్ యెస్టర్డే’. నిన్న, పోయినేడు, 2019లో అంటూ గడిచిపోయిన సమయం పేరు చెప్పారంటే ‘హావ్’ వాడకూడదు. పదేళ్లుగా ఇక్కడుంటున్నాను అనడానికి ‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ అంటుంటారు. అందులో రెండు తప్పులున్నాయి. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్నదానికి ‘హావ్ బీన్’ కావాలి. పదేళ్లు అనేది కొలత, కొలతకు ‘ఫర్’. ‘సిన్స్’ మొదలైన ఘడియకు. ‘ఐ హావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’, లేదా ‘సిన్స్ 2015’.

ప్రశ్నలో సహాయక్రియ కర్తకు ముందుకొస్తుంది: ‘యు ఆర్ కమింగ్’, ‘ఆర్ యు కమింగ్?’ సహాయక్రియ గానీ, ‘ఈజ్’, ‘ఆర్’ లాంటిది గానీ లేకపోతే ‘డు’, ‘డజ్’, ‘డిడ్’లను అరువు తెచ్చుకోవాలి. కాలం గుర్తు ఒక్కచోటే ఉండాలి. అది ‘డిడ్’ మీదికి వెళ్లాక అసలు క్రియ మామూలు రూపానికి వచ్చేస్తుంది. ‘డిడ్ యు వెంట్?’ కాదు, ‘డిడ్ యు గో?’ ‘హి డజంట్ గోస్’ కూడా ఇలాంటి తప్పే. ఈ వరస తిరగేయడం సూటి ప్రశ్నకే. వాడెక్కడున్నాడో తెలీదు అన్నప్పుడు అడగడం లేదు కాబట్టి ‘ఐ డోంట్ నో వేర్ హి ఈజ్’.

ఎ, యాన్, ది

తెలుగులో ‘కుర్చీ తీసుకురా’ చాలు. ఇంగ్లీషులో లెక్కపెట్టగల వస్తువు ఒక్కటే ఉంటే సాధారణంగా ముందు ‘ఎ’, ‘యాన్’, ‘ది’ లాంటిది ఒకటి ఉండాలి: ‘బ్రింగ్ ఎ చెయిర్’. ఏ కుర్చీ అయినా చాలు అనుకుంటే ‘ఎ’. ‘ఆ’ కుర్చీ, అంటే ఏ కుర్చీయో ఇద్దరికీ తెలిసినదైతే ‘ది’.

‘ఎ’నా ‘యాన్’నా అన్నది తేల్చుకోవడానికి మన లిపి అక్కరకొస్తుంది. లెక్కలోకి వచ్చేది ఇంగ్లీషు స్పెల్లింగు కాదు, చెవికి వినిపించే శబ్దం. ఆ మాటను తెలుగులో రాసి చూడండి. మొదట హల్లు వస్తే ‘ఎ’: ఎ యూనివర్సిటీ, ఎ వన్ రుపీ కాయిన్. అచ్చు వస్తే ‘యాన్’: యాన్ అవర్, యాన్ ఎంబీబీఎస్ స్టూడెంట్, యాన్ ఎల్ఐసీ ఏజెంట్. మన రాతకూ ఇంగ్లీషు పలుకుకూ పొత్తు కుదరని చోట్ల, ముఖ్యంగా ‘యా’తో, జాగ్రత్త. యాపిల్, యాక్టర్, యాడ్ అని మనం ‘య’తో రాస్తాం కానీ ఇంగ్లీషులో అక్కడ పలికేది అచ్చే. అవి యాన్ యాపిల్, యాన్ యాక్టర్, యాన్ యాడ్. యార్డ్‌లో మాత్రం యకారం నిజంగానే పలుకుతుంది, కాబట్టి అది ‘ఎ యార్డ్’.