పాత పికప్ ట్రక్కు స్టార్టు కానప్పుడు సెల్ఫ్ మోటారు విప్పే ముందు చేయవలసిన పరీక్షలు

పాత పికప్ ట్రక్కు తాళం తిప్పినా స్టార్టు కాకపోతే చాలామంది మొదట సెల్ఫ్ మోటారు మీద అనుమానపడి దాన్ని విప్పేస్తారు. నేను చూసినంతలో అలా విప్పిన మోటార్లలో చాలావాటికి ఏ లోపమూ ఉండదు. లోపం మోటారు దాకా వెళ్లే దారిలో, అంటే కేబుల్‌లోనో, ఎర్త్‌లోనో (బ్యాటరీ నెగటివ్‌ను ఇంజనుకూ బాడీకీ కలిపే దారి), స్విచ్‌లోనో ఉంటుంది. ముప్ఫై నలభై ఏళ్లు వానకూ ఎండకూ నిలిచిన బండిలో రాగి తీగలకు చిలుము పట్టడం సహజం. అందువల్ల ఏ భాగాన్నైనా కొనే ముందు మల్టీమీటరుతో కొలిచి చూడడం తప్పనిసరి అని నా నిశ్చితాభిప్రాయం.

కొలతలు మొదలుపెట్టే ముందు గేరును న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డుగా దిమ్మెలు పెట్టాలి. చేతికున్న ఉంగరం, గడియారం తీసివేయాలి. స్పానరు పాజిటివ్ టెర్మినల్‌కూ బాడీకీ ఒకేసారి తగిలితే క్షణంలో ఎర్రగా కాలిపోతుంది. బ్యాటరీ కనెక్షన్ ఊడదీయవలసి వస్తే ముందుగా నెగటివ్‌ను తీయాలి, బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి.

తరువాత తేల్చుకోవలసినది ఒక్కటే: ఇంజను తిరుగుతోందా, లేదా? తిరగకపోయినా, ఈడుస్తున్నట్టు తిరిగినా లోపం బ్యాటరీ, సెల్ఫ్ వైపు ఉన్నట్టు. చక్కగా తిరుగుతూ అందుకోకపోతే ఇగ్నిషన్‌నో, ఇంధనాన్నో చూడాలి. ఈ రెండింటినీ కలగలిపి వెతికితే ఒక రోజంతా వృథా అవుతుంది.

బ్యాటరీ విషయం త్వరగానే తేలుతుంది. హెడ్‌లైట్లు ఒకటి రెండు నిమిషాలు వెలిగించి, ఆర్పివేసిన తరువాత కొలిస్తే పూర్తి ఛార్జి ఉన్న బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపుతుంది. 12.2 ఉంటే సగం ఛార్జి మాత్రమే ఉన్నట్టు, అలాంటప్పుడు ముందు ఛార్జి చేయకుండా మిగతా పరీక్షలు చేయడంలో అర్థం లేదు. ఆ తరువాత ఇంజను అందుకోకుండా ఇగ్నిషన్ కాయిల్ (స్పార్కుకు కావలసిన అధిక వోల్టేజిని పుట్టించే భాగం) పాజిటివ్ వైరును ఊడదీసి, దాని కొనకు టేపు చుట్టి, మరొకరి చేత తాళం తిప్పించాలి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీ వోల్టేజి 9.6 కంటే దిగజారితే బ్యాటరీ బలహీనపడి ఉండాలి, లేదా మోటారు మోతాదుకు మించి కరెంటు లాగుతూ ఉండాలి. ఒక్కో విడత పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకుండా, మధ్యలో ఒకటి రెండు నిమిషాలు ఆగాలి.

మీటరు లేనప్పుడు హెడ్‌లైట్లే సాక్ష్యం చెబుతాయి. లైట్లు వేసి తాళం తిప్పినప్పుడు అవి పూర్తిగా ఆరిపోతే టెర్మినల్ దగ్గర పట్టు లేదని అనుకోవచ్చు. బాగా మసకబారి టకటకమని వరుసగా శబ్దం వస్తే బ్యాటరీలో బలం లేదు, లేదా కనెక్షన్ బాగాలేదు. వెలుగు ఏమాత్రం తగ్గకుండా, ఏ శబ్దమూ రాకుండా ఉంటే తాళం నుంచి సోలినాయిడ్‌కు (సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే విద్యుత్ స్విచ్) ఆజ్ఞ అందడం లేదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష వోల్టేజి డ్రాప్, అంటే దారిలో ఎంత వోల్టేజి పోతోందో కొలవడం. సెల్ఫ్ మోటారు నూరు ఆంపియర్లకు మించి కరెంటు లాగుతుంది. ఆ దారిలో ఓములో నూరో వంతు అవరోధం ఉన్నా, 150 ఆంపియర్ల దగ్గర 1.5 వోల్టులు అక్కడే వేడిగా మారి పోతాయి. మామూలు మీటరును ఓముల మీద పెట్టి కేబుల్‌ను కొలిస్తే ఈ లోపం కనబడదు, ఎందుకంటే నూరు పోగుల్లో ఒక్క పోగు మిగిలినా ఆ మీటరు సున్నా చూపుతుంది. కాబట్టి కరెంటు పారుతున్నప్పుడే కొలవాలి. మీటరును డీసీ వోల్టుల మీద ఉంచి, ఎర్ర పిన్నును బ్యాటరీ పాజిటివ్ సీసపు పోల్ మీద (దానికి బిగించిన క్లాంపు మీద కాదు), నల్ల పిన్నును సెల్ఫ్ దగ్గర లావు కేబుల్ బిగించిన బోల్టు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాలి. రీడింగు అర వోల్టు దాటకూడదు. ఇదే విధంగా బ్యాటరీ నెగటివ్ పోల్‌కూ సెల్ఫ్ మోటారు ఇనుప ఒంటికీ మధ్య కొలిస్తే 0.2 వోల్టుల లోపు రావాలి. ఎక్కువ వచ్చినప్పుడు ఒక పిన్నును పోల్ నుంచి క్లాంపుకు, క్లాంపు నుంచి లగ్గుకు (కేబుల్ కొసన బోల్టు పట్టే లోహపు కన్ను) జరుపుతూ పోతే అంకె ఎక్కడ ఒక్కసారిగా మారుతుందో లోపం అక్కడే ఉంటుంది.

ఒకసారి నేను చూసిన బండికి అప్పటికే రెండు బ్యాటరీలు, ఒక సెల్ఫ్ మోటారు మార్చి ఉన్నారు. అయినా ఇంజను వేడెక్కిన తరువాత సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరిగేది. ఎర్త్ వైపు కొలిస్తే 1.8 వోల్టులు వచ్చాయి. కేబుల్ రెండు కొసలూ తళతళలాడుతున్నాయి, బోల్టులు గట్టిగానే ఉన్నాయి. లగ్గుకు బెత్తెడు దూరంలో బొటనవేలితో నొక్కితే లోపల కరకరమన్న శబ్దం వచ్చింది. అక్కడ పై తొడుగు కోసి చూస్తే రాగి పోగులు నల్లబడి, పచ్చని పొడిగా రాలిపోయాయి. కొత్త ఎర్త్ కేబుల్ వేయగానే బండిలో ఉన్న మోటారుతోనే ఇంజను చక్కగా తిరిగింది. ఎర్త్ చెడినప్పుడు కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండా దారి వెతుక్కోవడం కూడా కద్దు. సెల్ఫ్ కొట్టిన తరువాత ఆ కేబుల్ వేడిగా తగిలితే ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీని వెంటనే చూడాలి.

శబ్దమే రానప్పుడు సోలినాయిడ్ మీది సన్న వైరు దగ్గర, తాళం తిప్పి పట్టుకున్నప్పుడు ఎంత వోల్టేజి వస్తుందో కొలవాలి. ఏమీ రాకపోతే ఫ్యూజు, ఇగ్నిషన్ స్విచ్, ఆటోమేటిక్ బండిలో న్యూట్రల్ సేఫ్టీ స్విచ్ (గేరులో ఉండగా సెల్ఫ్ కొట్టనివ్వనిది), మాన్యువల్ బండిలో ఉంటే క్లచ్ స్విచ్ చూడాలి. గేరు లీవరును పార్క్ నుంచి న్యూట్రల్‌కు మార్చగానే సెల్ఫ్ పనిచేస్తే దోషి ఆ న్యూట్రల్ సేఫ్టీ స్విచ్చే. సన్న వైరుకు పూర్తి వోల్టేజి వస్తూ ఒక్కసారి టక్కుమని ఆగిపోతే సోలినాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు కాలిపోయి ఉండవచ్చు. ఆ క్షణంలో మోటారులోకి వెళ్లే బోల్టు దగ్గర వోల్టేజి లేకపోతే కాంటాక్టులు పోయినట్టు. పూర్తిగా ఉన్నా మోటారు తిరగకపోతే కార్బన్ బ్రష్‌లు అరిగి ఉండాలి. అప్పుడు కూడా బ్యాటరీ నెగటివ్ తీసి, ముందు పుల్లీ బోల్టుకు స్పానరు వేసి ఇంజను చేతితో తిరుగుతోందని నిర్ధారించుకున్న తరువాతే మోటారు విప్పాలి. పాత ఫోర్డ్ ఎఫ్-సిరీస్ వంటి బండ్లలో సోలినాయిడ్ పని చేసే రిలే సెల్ఫ్ మీద కాకుండా ఫెండర్ లోపలి వైపు విడిగా ఉంటుంది కాబట్టి అక్కడే కొలవాలి.

ఇంజను బాగా తిరుగుతూ అందుకోకపోతే కాయిల్ వైరును తిరిగి బిగించి స్పార్కు చూడాలి. స్పార్కు ప్లగ్గు వైరును చేతితో పట్టుకోవడం ప్రమాదకరం, స్పార్క్ టెస్టరు వాడాలి. డీజిల్ బండికి ఈ భాగం వర్తించదు, అక్కడ సిలిండర్లను ముందుగా వేడిచేసే గ్లో ప్లగ్గులనూ ఇంధనం ఆపే సోలినాయిడ్‌నూ చూడాలి. పెట్రోలు బండిలో ఒక లక్షణాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి: సెల్ఫ్ కొడుతున్నంతసేపు ఇంజను అందుకుని, తాళం వదలగానే ఆగిపోతే కాయిల్‌కు వెళ్లే కరెంటును తగ్గించే బల్లాస్ట్ రెసిస్టరు తెగిపోయి ఉంటుంది, లేదా ఇగ్నిషన్ స్విచ్‌లో, తాళం వదిలాక కరెంటు ఇచ్చే రన్ కాంటాక్టు పోయి ఉంటుంది. ఎందుకంటే సెల్ఫ్ కొట్టేటప్పుడు కాయిల్‌కు రెసిస్టరును తప్పించి నేరుగా బ్యాటరీ వోల్టేజి వెళుతుంది, తాళం వదిలాక ఆ రెసిస్టరు గుండానే వెళుతుంది. తెగిన రెసిస్టరు స్థానంలో మామూలు వైరు కలిపి నడిపితే కాయిల్, పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్‌లో కాయిల్ కరెంటును తెంచి కలిపే కాంటాక్టులు) కాలిపోతాయి. జీఎం (జనరల్ మోటార్స్) వారి హెచ్‌ఈఐ అనే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌లో మాత్రం రెసిస్టరు ఉండదు, కాయిల్‌కు ఎప్పుడూ పూర్తి వోల్టేజే అందాలి.

పాయింట్లున్న డిస్ట్రిబ్యూటర్‌లో వాటి ముఖాలు నల్లగా కాలితే వాటి మధ్య నిప్పురవ్వలను తగ్గించే కండెన్సర్‌నూ మార్చాలి. ఇలాంటి పాయింట్ల బండ్లలో కాయిల్ ప్రైమరీ (తక్కువ వోల్టేజి వైపు చుట్ట) అవరోధం రెసిస్టరు వాడే రకాల్లో సుమారు 1.5 ఓములు, వాడని రకాల్లో సుమారు 3 ఓములు ఉంటుంది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న బండి చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, వేడెక్కాక ఆగిపోయి, అరగంట తరువాత మళ్లీ స్టార్టు అవుతుంటే పాయింట్ల బదులు కాయిల్ కరెంటును తెంచే మాడ్యూల్‌ను, దానికి సంకేతం ఇచ్చే పికప్ కాయిల్‌ను అనుమానించాలి. చల్లారాక చేసే పరీక్షలో ఇవి బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి. అందుకే స్పార్క్ టెస్టరును, మీటరును బండిలోనే ఉంచుకుని, ఇంజను ఆగిపోయిన మరుక్షణం, అది ఇంకా వేడిగా ఉండగానే స్పార్కునూ కాయిల్‌కు వచ్చే వోల్టేజినీ కొలవాలి.