పెన్సిల్‌తో పశువులు – 4వ పాఠం: వెనక కాలి గొడవ

ఈసారి ఎద్దు మొదలుపెడదాం అనుకున్నా, కానీ మీరు పంపిన గొర్రెల్ని చూశాక ఎద్దును కాస్త పక్కన కట్టేశాను. ఉన్ని బానే వచ్చింది. కాళ్లే, నాలుగూ కుర్చీ కాళ్లలా దిగాయి. కొందరైతే "వెనక మోకాలు వెనక్కి వంగుతుంది కదా" అని నాకే చెప్పారు.

వంగదు. వెనక కాలి మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చి కనిపించేది మోకాలు కాదు, మడమ. మనం మునివేళ్ల మీద నిలబడితే మడమ గాల్లోకి లేస్తుంది కదా, ఆవు జీవితాంతం అలాగే నిలబడుతుంది, అదీ రెండు వేళ్ల గోళ్ల మీద. గుర్రమైతే ఒక్క వేలి మీదే. అసలు మోకాలు పైన, పొట్ట అంచున చర్మం మడతలో దాక్కుని ఉంటుంది, మనదానిలాగే ముందుకు ఉంటుంది. ముందు కాల్లో మోకాలు అనుకునేదేమో మణికట్టు. కాబట్టి గీత తుంటి నుంచి మోకాలికి ముందుకి, అక్కణ్ణుంచి మడమకి వెనక్కి, మడమ నుంచి గిట్టల వైపు దాదాపు నిటారుగా కిందకి. నాలుగు చుక్కలు పెట్టి కలపండి, కండ తర్వాత.

ఫ్రెంచి చిత్రకారిణి రోసా బొనర్ ఇదంతా నేర్చుకోవడానికి పారిస్ కబేళాలకు వెళ్లింది. అలాంటిచోట గౌనుతో తిరగలేక, ప్యాంటు వేసుకోవడానికి పోలీసుల దగ్గర అనుమతి కాగితం కూడా తీసుకుంది. 1849లో ఆవిడ వేసిన నివెర్నే (ఫ్రాన్స్‌లో ఒక ప్రాంతం) దుక్కి చిత్రంలో ఎద్దుల వెనక కాళ్లు చూడండి, బరువు లాగుతున్నది మడమ దగ్గరే తెలుస్తుంది. అన్నట్టు వాటికి మూపురం ఉండదు. ఒంగోలు గిత్తల్ని చూసి పెరిగిన చెయ్యి చూసి వేస్తున్నా మూపురం పెట్టేస్తుంది, జాగ్రత్త.

పెన్సిల్ ఏదని అడిగారు. గ్రాఫైట్‌లో బంకమట్టి ఎక్కువైతే గట్టి, తక్కువైతే మెత్తన. ఇంగ్లండ్‌తో యుద్ధంలో మంచి గ్రాఫైట్ దొరక్క ఫ్రాన్స్‌లో కాంటే అనే ఆయన 1795లో తెచ్చిన పద్ధతి ఇది. నేను 2బి, అంటే కాస్త మెత్తని రకం, ఒక్కటే వాడతా. వేలితో రుద్ది నీడ తెచ్చేవాళ్లంటే నాకు పడదు.

అభ్యాసం: నిజం ఆవువి, మేకవి ముప్పై వెనక కాళ్లు, ఒక్కోటి రెండు నిమిషాల్లో, రబ్బరు లేకుండా. ఫోన్ ఫొటో చూసి వేస్తే లెక్కలోకి రాదు. పక్కనుంచే చూడండి, వెనక నిలబడితే ఆ మడమ ఎంత దూరం చాచుకుంటుందో వేరే పాఠం అవుతుంది.