థ్రిల్లర్ ప్రారంభ సన్నివేశం తేలిపోతోందా? విద్యార్థి చిత్రబృందాలకు సమస్య - పరిష్కారం

రెండు నిమిషాల థ్రిల్లర్ ప్రారంభ సన్నివేశం తీయాలనగానే విద్యార్థి బృందాలు ముందుగా కెమెరా గురించి మాట్లాడుకుంటాయి. కానీ ఎడిటింగ్‌లో బయటపడే లోపాల్లో చాలావాటికి మూలం కెమెరాలో ఉండదు, కాగితం మీద తేల్చుకోకుండా వదిలేసిన నిర్ణయాల్లో ఉంటుంది. అందుకే ప్రతి లోపం తెర మీద ఎలా కనిపిస్తుందో ముందు చెప్పి, అది సన్నాహంలో ఎక్కడ మొదలైందో చూపి, ఆ తర్వాత సరిదిద్దే మార్గం చెబుతాను.

సమస్య: అన్ని హంగులూ ఉన్నా ఉత్కంఠ కలగడం లేదు

ముసుగు మనిషి, చీకటి దారి, పరుగు, దడదడలాడే సంగీతం అన్నీ ఉంటాయి. చూసేవారిలో మాత్రం కదలిక ఉండదు. అన్నిటికంటే ఎక్కువగా కనిపించే లోపం ఇదే. దీన్ని ఎడిటింగ్‌లో సరిచేయడం దాదాపు అసాధ్యం కాబట్టి దీని మీదే ఎక్కువ సమయం పెట్టాలి.

కారణం: ప్రేక్షకుడికి ఏది తెలియాలి, ఏది తెలియకూడదు అన్నది ఎవరూ నిర్ణయించలేదు. థ్రిల్లర్ చిత్రాలకు పేరుపొందిన దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ఈ విషయాన్ని బల్ల కింద బాంబు ఉదాహరణతో వివరించారు. బాంబు సంగతి మనకు తెలియకుండా అది పేలితే దక్కేది 15 సెకన్ల ఉలికిపాటు. బాంబును ముందే మనకు చూపించి, బల్ల చుట్టూ కూర్చున్నవారిని మామూలు కబుర్లలో ఉంచితే 15 నిమిషాల ఉత్కంఠ. విద్యార్థి చిత్రాల్లో ఈ రెండూ జరగవు. ప్రమాదం ఏమిటో తెలియదు, ప్రమాదంలో ఉన్నది ఎవరో తెలియదు. ఎవరి కోసం భయపడాలో తెలియని ప్రేక్షకుడు భయపడడు.

పరిష్కారం: స్క్రిప్టు మొదలుపెట్టకముందే మూడు ప్రశ్నలకు ఒక్కొక్క వాక్యంలో జవాబు రాయండి. ఈ క్షణంలో పాత్రకు ఏం కావాలి? పాత్రకు తెలియకుండా ప్రేక్షకుడికి తెలిసింది ఏమిటి? ఇద్దరికీ తెలియనిది ఏమిటి? ఉదాహరణకు, ఒక అమ్మాయి గ్రంథాలయం మూసే వేళకు మరిచిపోయిన సంచి కోసం వెనక్కి వస్తుంది. ఆమెకు కావలసింది సంచి. ఆమె లోపలికి వెళ్లాక, వెనుక తలుపుకు ఒక చెయ్యి మెల్లగా గడియ పెట్టడం మనం చూస్తాం, ఆమె చూడదు. ఆ చెయ్యి ఎవరిదో, ఎందుకు గడియ పెట్టిందో ఆమెకూ మనకూ తెలియదు. ఇక కత్తి అక్కర్లేదు, పరుగు అక్కర్లేదు. ఆమె బల్లల మధ్య ఎంత తాపీగా వెతికితే మన ఆదుర్దా అంత పెరుగుతుంది. మూడు వాక్యాల్లో ఏ ఒక్కటి రాయలేకపోయినా కథ ఇంకా షూటింగ్‌కు సిద్ధం కాలేదని గుర్తించండి.

సమస్య: ప్రారంభ సన్నివేశం ట్రైలర్‌లా ఉంది

హత్య, దర్యాప్తు, పాత పగ, గతం తాలూకు జ్ఞాపకం, అన్నీ రెండు నిమిషాల్లో దొర్లిపోతాయి. లేదా చివర్లో రహస్యం కూడా విప్పేసి, సన్నివేశం చిన్న సినిమాగా ముగిసిపోతుంది.

కథంతా చెప్పేయాలన్న ఆత్రమే దీనికి కారణం. స్క్రిప్టులో ఒక పేజీ తెర మీద సుమారు ఒక నిమిషం అవుతుందన్నది పాత లెక్క. అందువల్ల మీ చేతిలో ఉన్నవి రెండు పేజీలే. ఒక చోటు, ఒకరిద్దరు మనుషులు, ఒకే సంఘటన. అంతకు మించి పట్టదు. మొత్తం సినిమా కథను అరపేజీలో విడిగా రాసి పెట్టుకోండి, కానీ దాన్ని తీయకండి. దేనికి ప్రారంభమో మీకు తెలిసి ఉంటే సన్నివేశంలో ఆ ధీమా కనిపిస్తుంది. ఆ తర్వాత అన్నిటికంటే ముందు చివరి షాటును నిర్ణయించుకోండి. అది ప్రశ్నకు జవాబు ఇచ్చేస్తే దాని ముందున్న షాటు దగ్గరే ఆపేయండి.

సమస్య: షాట్లు ఒకదానితో ఒకటి అతకడం లేదు

ఎదురెదురుగా ఉన్న ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టు కనిపిస్తారు. తలుపు తీసే చెయ్యి ఒక షాటులో కుడిది, తర్వాతి షాటులో ఎడమది. కట్ చేద్దామంటే మధ్యలో వేయడానికి ఒక్క క్లోజప్ కూడా ఉండదు.

కారణం: స్టోరీబోర్డును, అంటే ప్రతి షాటునూ ముందుగా గీసుకునే బొమ్మల వరుసను, మార్కుల కోసం గీసి, షూటింగ్ రోజున పక్కన పెట్టేయడం. బొమ్మలు అందంగా ఉండనవసరం లేదు. గీతలతో గీసిన మనుషులు చాలు, కానీ వాళ్లు ఎటు చూస్తున్నారో, కెమెరా ఎంత ఎత్తులో ఉందో కచ్చితంగా తెలియాలి.

నా దృష్టిలో మొత్తం సన్నాహంలో అత్యంత విలువైన పని యానిమేటిక్. స్టోరీబోర్డులోని ప్రతి బొమ్మను ఫోనుతో ఫొటో తీసి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వరుసగా పేర్చి, ప్రతిదానికీ ఎన్ని సెకన్లో నిర్ణయించి, తాత్కాలికంగా కొన్ని శబ్దాలు చేర్చండి. కథ తెలియని ఒకరికి చూపించి, ఏం అర్థమైందో చెప్పమనండి. మధ్యలో మీరు వివరించవద్దు. వారు తడబడిన చోట ఒక షాటు తక్కువైంది, విసుగుపడిన చోట ఒకటి ఎక్కువైంది. ఒక సాయంత్రంలో అయ్యే ఈ పని, మళ్లీ అందరినీ పిలిచి షూటింగ్ చేయాల్సిన అవస్థను తప్పిస్తుంది.

తర్వాత ప్రతి లొకేషన్‌కూ పైనుంచి చూస్తున్నట్టు పటం గీయండి. రెండు పాత్రల మధ్య ఒక గీత గీసి, కెమెరా స్థానాలన్నీ ఆ గీతకు ఒకే వైపున ఉంచండి. దీన్నే 180 డిగ్రీల నియమం అంటారు. దీన్ని పాటిస్తే చూపులు కలుస్తాయి. ఒకే మనిషి మీద ఒక షాటు నుంచి మరో షాటుకు కట్ చేసేటప్పుడు కెమెరా కోణం కనీసం 30 డిగ్రీలు మారాలి, లేకపోతే బొమ్మ ఎగిరినట్టు కనిపిస్తుంది. షాటుల జాబితాను కథ వరుసలో కాకుండా కెమెరా స్థానాల వరుసలో రాసుకోండి; ఒకచోట ట్రైపాడ్ పెట్టినప్పుడు అక్కడి నుంచి కావలసినవన్నీ తీసేయవచ్చు. తలుపు తీయడం లాంటి ప్రతి చర్యనూ లాంగ్ షాటులోనూ క్లోజప్‌లోనూ మొదటి నుంచి చివరి దాకా తీయండి. గడియ, గడియారం, వేళ్లు, చెప్పులు వంటి విడి షాట్లను జాబితాలోనే చేర్చండి.

జుట్టు, దుస్తులు, వస్తువుల తేడాలకు మందు చిన్నదే: ప్రతి షాటు తర్వాత ఒక ఫొటో తీసే బాధ్యతను ఒకే మనిషికి అప్పగించండి. ఆ మనిషికి వేరే పని చెప్పకండి.

సమస్య: చీకటి దృశ్యం బురదలా, చుక్కలు చుక్కలుగా ఉంది

నిజంగా చీకట్లోనే తీశారు. వెలుతురు చాలక కెమెరా ఐఎస్‌ఓ (వెలుతురును గ్రహించే సున్నితత్వం) పెంచుకుంది, దాంతో బొమ్మ నిండా నలుసులు వచ్చాయి. తెర మీది చీకటిని వెలుతురుతోనే తయారు చేయాలి. ఒక టేబుల్ ల్యాంపునో కిటికీనో దృశ్యంలోనే చూపించి, వెలుతురు అటువైపు నుంచే వస్తున్నట్టు ఒక బలమైన దీపం పెట్టండి. ముఖంలో ఒక సగం నీడలో ఉండనివ్వండి. మిగతా చీకటిని ఎడిటింగ్‌లో పెంచుకోవచ్చు. లేని వివరాన్ని మాత్రం తిరిగి తేలేం. బయటి రాత్రి దృశ్యాలకు సూర్యాస్తమయం తర్వాత ఆకాశం నీలంగా ఉండే కొద్దిసేపు ఎంతో అనుకూలం, అయితే ఆ వ్యవధి తక్కువ కాబట్టి రిహార్సల్ ముందే పూర్తి కావాలి. ఫోనుతో తీస్తుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (రంగుల సమతుల్యం) మూడింటినీ లాక్ చేయండి. లేకపోతే నటి కదిలినప్పుడల్లా రంగు మారుతుంది.

దీపాలు మినుకుమంటున్నట్టు కనిపిస్తే కారణం విద్యుత్ పౌనఃపున్యం. 50 హెర్ట్జ్ ఉన్న చోట షట్టర్ స్పీడు 1/50 లేదా 1/100 సెకను, 60 హెర్ట్జ్ ఉన్న చోట 1/60 లేదా 1/120 సెకను పెడితే సాధారణంగా పోతుంది.

సమస్య: బొమ్మ బాగుంది, శబ్దం తేలిపోయింది

మాటలు దూరం నుంచి వినిపిస్తాయి. కట్ పడిన ప్రతిచోటా వెనుక హోరు మారుతుంది. ఈ లోటును కప్పడానికి బృందం మొదటి క్షణం నుంచి చివరి దాకా సంగీతం పరిచేస్తుంది, దాంతో భయపెట్టాల్సిన నిశ్శబ్దం కూడా పోతుంది.

కారణం శబ్దానికి ప్రణాళికే లేకపోవడం. షాటుల జాబితాలో "ఏం వినిపిస్తుంది" అని ఒక గడి చేర్చండి. మైకు ఫ్రేములో కనిపించకుండా నోటికి ఎంత దగ్గరగా వస్తే అంత మంచిది. రికార్డింగ్ మీటరులో శబ్దం స్థాయి మైనస్ 12 డెసిబెల్స్ ప్రాంతంలో ఉంటే అరుపులకు కూడా చోటు మిగులుతుంది. ప్రతి లొకేషన్‌లో అందరూ కదలకుండా నిలబడి, కనీసం 30 సెకన్ల పాటు అక్కడి నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. కట్‌ల మధ్య అతుకు కనిపించకుండా చేసేది అదే. అడుగుల చప్పుడు, తాళం తిరగడం, కాగితం రెపరెపలు షూటింగ్ తర్వాత విడిగా రికార్డు చేయండి. థ్రిల్లర్‌లో ఈ చిన్న చప్పుళ్లే భయాన్ని మోస్తాయి.

సంగీతానికి అనుమతి ముందే చూసుకోండి. సృష్టికర్తలు తమ రచనలను ఇతరులు వాడుకోవడానికి ముందే అనుమతించే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో, మార్పులకు వీల్లేదని చెప్పే ఎన్‌డీ లైసెన్సు ఉన్న పాటను దృశ్యానికి జతచేయడం కూడా మార్పు కిందికే వస్తుంది.

సమస్య: తెర మీద పడే పేర్లు (టైటిల్స్) అతికించినట్టున్నాయి

ముఖం మీద అక్షరాలు పడతాయి, లేదా కీలకమైన చర్య జరుగుతుండగా ప్రేక్షకుడు పేరు చదువుతుంటాడు. పేర్లకు చోటు స్టోరీబోర్డులోనే వదలాలి: ఖాళీ గోడ, చీకటి మూల, కదలిక లేని కొన్ని సెకన్లు. నిర్మాణ సంస్థ ముందు, దర్శకుడి పేరు చివర రావడం ఎక్కువగా కనిపించే పద్ధతి.

సమస్య: షూటింగ్ మధ్యలో ఆపించేశారు

అనుమతి నోటిమాటగా అడిగారు, లేదా దారిన పోయేవారు బొమ్మ తుపాకీని నిజమనుకున్నారు. లొకేషన్ అనుమతి రాతపూర్వకంగా తీసుకుని, కాగితాన్ని వెంట ఉంచుకోండి. ఆయుధంలా కనిపించే ఏ వస్తువునూ పోలీసులకు, చుట్టుపక్కల వారికి ముందుగా చెప్పకుండా బహిరంగ ప్రదేశంలో బయటికి తీయవద్దు. ఈ విషయంలో రాజీ వద్దు, ప్రాణాల మీదికి వస్తుంది. వీలైతే ఆ వస్తువే లేకుండా సన్నివేశం రాయండి. గడియ పెట్టిన చెయ్యి ఏ కత్తికీ తీసిపోదు.

సమస్య: తీసిన ఫుటేజీ పోయింది

షూటింగ్ ముగిసిన రాత్రే రెండు వేర్వేరు చోట్ల కాపీ చేసి, రెండింటినీ తెరిచి చూడండి. ఆ తర్వాతే కార్డును చెరపండి.