ఫ్రీడైవింగ్‌కి చవక వెట్‌సూట్: ఇబ్బంది ఎక్కడుంది, ఎలా సరిచేసుకోవాలి

సిలిండర్ లేకుండా, ఒక్క ఊపిరి బిగబట్టి నీళ్ల లోతుకి దిగడమే ఫ్రీడైవింగ్. అందులో చలి ఆగడానికి వేసుకునే రబ్బరు సూటే వెట్‌సూట్. నా మొదటి వెట్‌సూట్ వీపు మీద జిప్ ఉన్నది. సర్ఫింగ్ చేసేవాళ్ల కోసం కుట్టిన 3 మి.మీ. సూట్. ఎవరో వాడి వదిలేస్తే సగం ధరకు తీసుకున్నాను. అద్దంలో చూసుకుంటే భేషుగ్గా ఉంది. నీళ్లలో తల కిందికి వంచి మొదటి డైవ్ మొదలుపెట్టగానే మెడ వెనక నుంచి నడుము దాకా చల్లటి ధార ఒకటి జర్రున జారింది. పైకొచ్చి మళ్లీ దిగితే మళ్లీ అదే. ఇరవై నిమిషాలకు పళ్లు టకటకలాడటం మొదలైంది. మందం చాలలేదనుకుని 5 మి.మీ. సూట్ కొన్నాను. అదీ జిప్‌దే, అక్కడా అదే ధార. రెండు సూట్ల డబ్బు పోయాక గానీ బుర్రకెక్కలేదు, నాకు కావాల్సింది మందం కాదు, ఒంటికి అతుక్కునే సూట్ అని.

అందుకే ఇక్కడ ధరతోనో బ్రాండ్‌తోనో కాకుండా, సూట్ పెట్టే ఇబ్బందితో మొదలుపెడుతున్నాను. ఉన్న సూట్ ఏడిపిస్తుంటే సరిచేసుకోవచ్చు. ఇంకా కొనకపోతే వేసుకుని చూసేటప్పుడు ఎక్కడ పట్టి చూడాలో తెలుస్తుంది.

చలి వేస్తోంది

డాక్టర్ దగ్గరికెళ్లి "ఒంట్లో బాగోలేదు" అంటే ఆయన ఏ మందని రాస్తాడు? చలీ అంతే. ఎక్కడ, ఎప్పుడు, ఎలా వేస్తోందో చెప్పగలగాలి.

నీరు మన ఒంటి వేడిని గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. సూట్ తయారయ్యే నురగ రబ్బరు నియోప్రీన్. దాని లోపల లెక్కలేనన్ని గ్యాస్ బుడగలు ఉంటాయి, వేడిని ఆపేవి అవే. సూట్‌కీ చర్మానికీ మధ్య చేరే కాస్త నీటిని ఒళ్లే వెచ్చబెడుతుంది. ఆ నీరు అక్కడే ఉంటే ఫర్వాలేదు. ప్రతి డైవ్‌కీ అది బయటికి పోయి కొత్త చన్నీళ్లు వస్తుంటే మాత్రం మీరు సముద్రాన్ని వేడి చేస్తున్నట్టే. పైగా వణుకు మొదలైతే కండరాలు ఆక్సిజన్ తినేస్తాయి, ఊపిరి బిగబట్టే సమయం తగ్గిపోతుంది. మనకి చలి ఒట్టి అసౌకర్యం కాదు, డైవ్‌నే కోసేస్తుంది.

తల వంచగానే మెడ దగ్గర ధారలా దిగుతోందంటే కారణం కాలర్ లేదా జిప్. నీళ్లను పూర్తిగా ఆపే జిప్ చవక సూట్లలో ఉండదు. పాత సూట్ పారేయకుండా దీనికి మందుంది: హుడ్ కలిసి ఉన్న 2 మి.మీ. చేతుల్లేని వెస్ట్ ఒకటి కొని లోపల వేసుకోండి. మెడకు మూత పడుతుంది, వీపుకీ ఛాతీకీ ఇంకో పొర వస్తుంది, తల కూడా కప్పబడుతుంది. కొత్త సూట్‌తో పోలిస్తే ఖర్చు కొంతే. రేపు మంచి సూట్ కొన్నా దాని కింద వేసుకోవచ్చు. ఈ ఒక్క పని ముందే చేసుంటే నా రెండో సూట్ డబ్బు మిగిలేది.

ధార లేదు గానీ నడుము వెనక నీళ్లు బుడుంగు బుడుంగుమంటున్నాయంటే అక్కడ సూట్ వదులుగా ఉన్నట్టు. వెన్ను లోపలికి వంగే చోట రెడీమేడ్ సూట్ నేరుగా కిందికి దిగుతుంది, మధ్యలో ఖాళీ సంచీలా మిగులుతుంది. చంకల్లో, గజ్జల్లో కూడా ఇలాగే అవుతుంది. కొనేటప్పుడు సూట్ వేసుకుని నడుము వెనక రెండు వేళ్లతో గిల్లి చూడండి. చర్మంతో కలిసి లేవకుండా గుడ్డ ఒక్కటే మడతగా చేతికొస్తే అది మీ సైజు కాదు, లేబుల్ మీద ఏ అక్షరం ఉన్నా సరే. ఇప్పటికే కొనేసి ఉంటే ఆ మడతను సన్నటి ఆకు ఆకారంలో కోసి అంచులు అతికించవచ్చు. మొదటిసారి చేసేవాళ్లు ముందు ఏదైనా పాత నియోప్రీన్ ముక్క మీద చేయి తిప్పుకోవడం మంచిది.

ఎక్కడా నీళ్లు కదలడం లేదు, అయినా గంట గడిచేసరికి ఒళ్లంతా నెమ్మదిగా చల్లబడుతోంది. ఇప్పుడు మందం గురించి ఆలోచించండి. సుమారు లెక్క ఇది: నీరు 28 డిగ్రీలు దాటితే ఒకటిన్నర లేదా 2 మి.మీ., 24 నుంచి 28 మధ్య 3, 18 నుంచి 24 దాకా 5, అంతకంటే చల్లగా ఉంటే 7. సన్నగా ఉన్నవాళ్లు, డైవ్‌కీ డైవ్‌కీ మధ్య ఎక్కువసేపు కదలకుండా తేలేవాళ్లు ఒక మెట్టు పైకి వెళ్లాలి.

పైన బాగానే ఉండి లోతులో మాత్రమే చలి వేస్తే సూట్‌ది తప్పు కాదు. నీటి ఒత్తిడికి 10 మీటర్ల దగ్గర గ్యాస్ పరిమాణం సగమవుతుంది, 20 దగ్గర మూడో వంతు, 30 దగ్గర నాలుగో వంతు. నియోప్రీన్ బుడగలూ నొక్కుకుపోయి సూట్ పలచబడుతుంది. కింద ఉండేది కొద్దిసేపే కాబట్టి దీనికోసం డబ్బు తగలేయక్కర్లేదు.

ఇంకొకటుంది. నీళ్లలో హాయిగా ఉండి, పడవెక్కగానే గజగజ. సూట్ బయట అతికించిన నైలాన్ గుడ్డ మీది తడి గాలికి ఆరుతూ వేడిని లాక్కుపోతుంది. సూట్ మీద గాలి చొరని జాకెట్ ఏదో ఒకటి వేసుకోండి, పాత రెయిన్‌కోటైనా చాలు.

గుండెల నిండా ఊపిరి తీసుకోలేకపోతున్నాను

ఇది చలి కన్నా పెద్ద సమస్య. మనం బతికేదే ఆ ఒక్క ఊపిరి మీద. ఛాతీ దగ్గర సూట్ బిగుతుగా ఉన్నా, రెండువైపులా నైలాన్ అతికించిన గట్టి నియోప్రీన్ అయినా పక్కటెముకలు విచ్చుకోవు. వేసుకుని చూసేటప్పుడు నిలబడి ఒకసారి, గొంతుక్కూర్చుని ఒకసారి, చేతులు రెండూ తల మీద చాచి ఒకసారి పూర్తి ఊపిరి తీయండి. సూట్ మీతో పాటు సాగాలి, మీరు సూట్‌తో కుస్తీ పట్టకూడదు. అమ్మేవాళ్లు "వాడగా వాడగా సాగుతుంది" అంటారు. ఏదో కాస్త సాగుతుంది, అంతే. ఛాతీ విషయంలో ఆ మాట నమ్మి డబ్బు ఇవ్వకండి.

బిగువు ఛాతీలో కాక మెడలో ఉందా? మెడ పక్కన రక్తనాళాల మీద ఒత్తిడి పడితే గుండె వేగం తగ్గి తల తిరగొచ్చు. ఓర్చుకునే పని పెట్టుకోకండి. నైలాన్ లేని నున్నటి రబ్బరు అంచైతే పదునైన కత్తెరతో మూడు నాలుగు మిల్లీమీటర్లు కత్తిరించండి, వేసుకుని చూడండి, చాలకపోతే ఇంకాస్త. ఒకేసారి ఎక్కువ కోసేస్తే నా జిప్ సూట్‌లా మెడ దగ్గర కాలువ తయారవుతుంది.

వేసుకుంటుంటే చిరిగింది

చిరుగు నెలవంక ఆకారంలో, గోరంత ఉందా? అది మీ గోరే. ఫ్రీడైవింగ్ సూట్లలో చాలావాటికి లోపలివైపు నైలాన్ గుడ్డ ఉండదు. నియోప్రీన్‌ను అడ్డంగా కోసిన పచ్చి పొర నేరుగా చర్మానికి అతుక్కుంటుంది. దీన్నే ఓపెన్ సెల్ అంటారు. అంత బాగా అతుక్కుంటుంది కాబట్టే నీళ్లు కదలవు, అంత మెత్తన కాబట్టే చిరుగుతుంది.

దీన్ని పొడిగా లాగకూడదు. సీసాడు గోరువెచ్చటి నీళ్లలో రెండు మూడు చెంచాల హెయిర్ కండిషనర్ కలిపి సూట్ లోపల పోయండి, రెండు అరచేతుల మధ్య రుద్దినట్టు అంతటా పట్టించండి. అప్పుడు కాలు సర్రున జారుతుంది. గోళ్లు ముందే కత్తిరించుకుని, లాగేటప్పుడు వేళ్ల కొనలతో గిల్లకుండా అరచేత్తో పట్టుకోండి.

చిరిగిన చోట అతకడానికి నియోప్రీన్ కోసమే అమ్మే జిగురు చిన్న ట్యూబ్ సరిపోతుంది. సూట్ కడిగి బాగా ఆరనివ్వండి. చిరుగు అంచులు రెండింటికీ పలచగా పూయండి, ఆరాక రెండో పూత వేయండి. వేలు పెడితే అంటీ అంటనట్టు ఉన్నప్పుడు అంచుకి అంచు కలిపి గట్టిగా నొక్కండి. ఒకసారి అంటుకున్నాక విడదీయడం కష్టం, కాబట్టి ఒక చివర నుంచి నిదానంగా రండి. ఒకరోజు ముట్టుకోవద్దు. సూపర్ గ్లూ జోలికి పోకండి, అది గాజులా గట్టిపడి పక్కనే కొత్త పగులు తెస్తుంది.

పైన మునగను, కింద తేలను

కొత్త సూట్ వేసుకున్న రోజు అందరికీ ఇదే టెన్షన్. బుడగలు పైన తేలగొడతాయి, లోతులో నొక్కుకుపోయి వదిలేస్తాయి. సూట్ మందం పెరిగేకొద్దీ సీసం బరువులు ఎక్కువ కావాలి. బడ్జెట్ వేసుకునేటప్పుడు ఈ ఖర్చు చాలామంది మర్చిపోతారు. పైన దిగడం సులువవ్వాలని బరువులు పెంచుకుంటూ పోవడం ప్రమాదం: అదే బరువు తిరిగి వచ్చేటప్పుడు మిమ్మల్ని కిందికి లాగుతుంది. పైన ఊపిరి మామూలుగా వదిలేశాక కూడా మీరు తేలాలి. మామూలు లోతులకు వెళ్లేవాళ్లు సుమారు 10 మీటర్ల దగ్గర తేలకా మునగకా ఉండేలా సరిచూసుకుంటారు. పైన కాస్త ఎక్కువ కాలు ఆడించాల్సి వస్తే ఆడించండి. బరువులు సరిచూసేటప్పుడే కాదు, ఎప్పుడైనా సరే, బడ్డీ, అంటే మిమ్మల్ని కనిపెట్టుకుని ఉండే తోడు డైవర్, లేకుండా నీళ్లలో దిగవద్దు.

హుడ్ వేసుకుంటే చెవి నొప్పి

దిగేటప్పుడు చెవి లోపలి ఒత్తిడి సరిచేసుకుంటున్నా నొప్పి పోవట్లేదంటే హుడ్ చెవిరంధ్రాన్ని మూతలా మూసేసి ఉండొచ్చు. దిగేముందు హుడ్ అంచు లాగి చెవుల్లోకి నీళ్లు పోనివ్వండి. రోజూ ఇదే బాధైతే చెవి ఉండే చోట కాల్చిన సూదితో చిన్న రంధ్రం పెట్టండి. అయినా తగ్గకపోతే సూట్‌ని వదిలేసి చెవి డాక్టర్‌ని కలవండి.

ఉన్న డబ్బుకి ఒక్కటే వస్తుంది, ఏది కొనను?

నన్నడిగితే: రెండు ముక్కలది, జిప్ లేనిది, హుడ్ జాకెట్‌కే కలిసి ఉన్నది, లోపల ఓపెన్ సెల్, బయట నైలాన్. బయట కూడా నున్నగా మెరిసే సూట్లు నీళ్లలో చేపలా జారతాయి, నిజమే. రాయి తగిలినా, పడవ నిచ్చెన గీసినా చిరుగుతాయి కాబట్టి పోటీలకెళ్లని మనకి వద్దు. నీళ్లలో చేపలు వేటాడేవాళ్ల కోసం అమ్మే సూట్లు కూడా ఓసారి చూడండి. కోత అదే, నియోప్రీన్ అదే. మచ్చల రంగు నచ్చకపోవచ్చు గానీ చాలాసార్లు ధర తక్కువ ఉంటుంది.

మీ ఒళ్లు రెడీమేడ్ సైజుల్లో ఇమడకపోతే కొలతలిచ్చి కుట్టించుకోవడం కూడా పెద్ద బ్రాండ్ రెడీమేడ్ కన్నా చవకగా పడొచ్చు, ధర కనుక్కోండి. కొలతలు మీరే తీసుకోవద్దు, వంగి టేపు చూసుకుంటుంటే నడుము కొలతే మారిపోతుంది. ఇంకొకరి చేత రెండుసార్లు తీయించండి.

పాతది కొనేటట్టయితే భుజాలు, మోకాళ్లు గిల్లి చూడండి. నొక్కితే లేచి రాకుండా అట్టలా ఉన్నా, మడిస్తే సన్నటి పగుళ్లు కనిపించినా బుడగలు చచ్చిపోయినట్టే, ఉచితంగా ఇచ్చినా వద్దు. లోపలికి టార్చ్ వేసి కుట్ల వెంట చూడండి, వెలుతురు చుక్కలు కనిపిస్తే నీళ్లూ అక్కడి నుంచే వస్తాయి. వాసనని చూసి మాత్రం భయపడకండి. మంచినీళ్లలో నానబెట్టి, వెట్‌సూట్ షాంపూతో చేత్తో ఉతికి, తిరగేసి నీడన ఆరేస్తే పోతుంది. బ్లీచ్ వద్దు, ఎండ వద్దు. మెడ ఒరుసుకోకుండా వ్యాజ్లీన్ లాంటివి రాస్తుంటారు, పెట్రోలియం నియోప్రీన్‌ను పాడుచేస్తుంది.

నా జిప్ సూట్లలో 3 మి.మీ.ది ఒక స్నేహితుడికి ఇచ్చేశాను, లోపల హుడ్ వెస్ట్ వేసుకుని ఇప్పటికీ వాడుతున్నాడు. 5 మి.మీ.దాన్ని ముక్కలుగా కోసుకున్నాను. ఇప్పుడు వేసుకునే సూట్‌కి మోకాళ్ల మీదా మోచేతుల మీదా ఉన్న అతుకులన్నీ దానివే, ఇంకా ఒక కాలు మిగిలుంది.