పైనాపిల్ తల పారేయకండి, కుండీలో నాటండి

హనుమకొండ మార్కెట్‌లో పైనాపిల్ కొంటే కోసిచ్చే ఆయన పైనున్న ఆకుల తలను విరిచి పక్కన పడేస్తాడు, అది అడిగి తెచ్చుకోండి. కింది ఆకులు నాలుగైదు వరసలు పీకేస్తే చిన్న చిన్న వేరు మొగ్గలు కనిపిస్తాయి. అంటుకున్న గుజ్జంతా తీసేసి నీడలో రెండు మూడు రోజులు ఆరనివ్వాలి, తొందరపడి తడి మీదే నాటితే కుళ్లిపోతుంది. కుండీలో ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు చాలు. నల్లరేగడి మాత్రం వద్దు, నీళ్లు నిలుస్తాయి.

ఇది చెట్టు కాదు, కలబందలా ఆకులు గుండ్రంగా విచ్చుకుని రెండు మూడు అడుగులు పెరుగుతుంది, మధ్యలో గిన్నెలా ఉన్నచోట కాసిని నీళ్లు పోసినా తీసుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకు మధ్యాహ్నం నీడ తప్పనిసరి.

ఓపిక కావాలి. కాయ చూడాలంటే రెండేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. నడిమధ్య నుంచి ఎర్రటి మొగ్గ లేచి దాని చుట్టూ ఊదారంగు పూలు వంద దాకా, ఇంకా ఎక్కువే పూస్తాయి, అవన్నీ కలిసిపోయే ఒక్క పండవుతుంది, ఆ దశ చూడటానికైనా పెంచాలంటాను నేను. పండు కోశాక మొక్కను పీకేయకండి, పక్కన వచ్చే పిలకలు వేరే కుండీల్లో నాటితే తల కంటే త్వరగా కాస్తాయి.