ఊళ్లో ఎవరూ పస్తు పడుకోకుండా పిడికెడు బియ్యం డబ్బా

పలమనేరు వైపు మా ఊళ్లో ఒక అవ్వ మూడు రోజులు ఉత్త గంజినీళ్లతో గడిపిందని మాకు ఆలస్యంగా తెలిసింది, అప్పట్నుంచి ఈ పని చేస్తున్నాం, మీ ఊళ్లోనూ మొదలుపెట్టండి.

వీధికి ఒకరు చాలు. వారానికోసారి ఇంటికి పిడికెడు బియ్యమో రాగులో అడగండి, డబ్బు మాత్రం వద్దు, గొడవలన్నీ లెక్కల దగ్గరే వస్తాయి. డబ్బాలో నాలుగు ఎండుమిరపకాయలు, ఎండిన వేపాకు వేస్తే పురుగు అంతగా పట్టదు.

ఇవ్వడమే కష్టం. కావాల్సినవాళ్లు వచ్చి అడగండి అంటే ఎవరూ రారు, సిగ్గు చంపేస్తుంది. చీకటి పడ్డాక గిన్నె కొంగు చాటున తీసుకెళ్లి "అవ్వా, సంగటి ఎక్కువ కెలికినాను, రోంత తిను" అనండి. ఫోటోలు అసలే వద్దు.

తర్వాత కార్డు చూడండి. రేషన్‌లో మనిషికి నెలకు 5 కిలోలు, మరీ నిరుపేదలకిచ్చే అంత్యోదయ కార్డుంటే కుటుంబానికి 35 కిలోల బియ్యం ఉచితంగా రావాలి. వేలిముద్ర పడక ఆగిపోయిందంటే గ్రామ సచివాలయానికి మీరే తోడు వెళ్లండి; మా అవ్వకు చెనిక్కాయలు ఒలిచి ఒలిచి వేళ్ల గీతలే అరిగిపోయాయి. ఎండాకాలం సెలవుల్లో బడి భోజనం ఉండదు, కూలి కూడా సరిగా దొరకదు, కాబట్టి అప్పుడు పిల్లలున్న ఇళ్లకే ముందు వెళ్లండి.